సిద్ధమ్మ మోటారు నంబరు

ఉషారాణికి కోపం ముక్కు మీదే ఉంటుందని మదనపల్లెలో ఆ షెడ్డులో పనిచేసే అందరికీ తెలుసు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కడానికైనా రెండు నిమిషాలు పడుతుంది, ఆమెకు ఆ రెండు కూడా అక్కర్లేదని ప్రవీణ్ అంటుంటాడు, ఆమె వినకుండా. అలాంటిది ఆ బుధవారం పొద్దున యజమాని జయచంద్ర ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టి "సంతకం పెట్టు ఉషా" అంటే, ఆమె అరవకుండా ఆ కాగితాన్ని మొదటి నుంచి చదవసాగింది. అది చూసి ప్రవీణ్ టీ నెపం పెట్టి బయటికి జారుకున్నాడు.

ఆ షెడ్డులో తయారయ్యేవి బోరు మోటార్లకు బిగించే ఆటో స్టార్టర్ పెట్టెలు. పెట్టెలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆడుతుంది, మళ్ళీ ఇస్తే ఆగుతుంది. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. బోరులో నీళ్ళు అడుగంటగానే పెట్టె తనంతట తానే మోటారును ఆపెయ్యాలి. ఈ పక్క బోర్లన్నీ అరగంట పోసి గంట ఊరేవే మరి. నీళ్ళు లేకుండా తిరిగితే మోటారు పావుగంటలో మాడి కూర్చుంటుంది. ఆపుతుందన్న ఆ ఒక్క ధైర్యంతోనే మూడొందల మంది రైతులు ఈ పెట్టెలు బిగించుకున్నారు.

వాళ్ళలో సిద్ధమ్మ ఒకరు. తంబళ్లపల్లె అవతల పల్లెలో ఆమెకు రెండెకరాల టమోటా ఉంది. రెండు నెలల కింద ఆమె మోటారు కాలింది. మళ్ళీ మొన్న ఆదివారం ఇంకోటి కాలింది. రెండుసార్లూ పెట్టె మోటారును కాపాడలేదు. బల్ల మీది కాగితంలో మాత్రం "వినియోగదారు సీలు తొలగించి పెట్టెను కెలికినందువల్ల" అని టైపు చేసి ఉంది. దాని కింద ఉషారాణి సంతకం పడితే సిద్ధమ్మకు కొత్త మోటారు రాదు. తొలి కోతకు వచ్చిన తోట ఇంకో నాలుగు రోజులు నీళ్ళు లేకుండా నిలవదు. విషయం అంతే, ఇందులో దాచడానికేమీ లేదు.

మొదటిసారి ఇలాంటి కాగితం మీద ఉషారాణి చకచకా సంతకం గీకింది. అప్పుడు తనే పొలానికి వెళ్ళింది. పెట్టె మీద కంపెనీ సీలు స్టిక్కరు ఊడి వేలాడుతోంది. "నేను తీయలేదు తల్లీ" అని సిద్ధమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటే, "అబద్ధాలు చెప్పొద్దమ్మా" అని అందరి ముందూ కడిగేసింది. అంతటితో ఊరుకోలేదు. ఊడిన స్టిక్కరు చుట్టూ ఎర్ర సున్న చుట్టి ఫోటో తీసి, మూడొందల మంది రైతులున్న కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'సీలు తీస్తే గ్యారంటీ లేదు, సిద్ధమ్మ గారి పెట్టె చూడండి' అని కింద రాసింది కూడా. ఆ ఫోటోకు నూటికి పైగా బొటనవేళ్ళు వచ్చాయి.

ఈసారి షెడ్డుకు వచ్చిన పెట్టె మీదా సీలు ఊడే ఉంది, అయినా చెయ్యి ఆడలేదు. ఒకసారి ఊరందరిలో తల కొట్టేసినట్టయిన మనిషి రెండోసారి అదే సీలు ఎందుకు పీకుతుంది? ఆ అనుమానం రెండు రోజులుగా పంటి కింద రాయిలా ఉంది.

"సార్, ఈ పెట్టెను బల్ల మీద పెట్టి నలభై సార్లు చూసినా. నీళ్ళు తగ్గినాయని వైరు లాగిన ప్రతిసారీ టక్కుమని ఆపింది."

"మరింకేం? పెట్టె బాగుండాది. ఆమే ఏదో కెలికింది" అన్నాడు జయచంద్ర, పెన్ను మూత తీసి ఆమె చేతికిస్తూ.

"ఈడ బాగుండే పెట్టె ఆడ రెండు మోటార్లు యాల కాల్చింది?"

"యాలా గీలా అనేది తర్వాత. ఈ పొద్దు కుప్పంలో నాలుగు పెట్టెలు బిగించల్ల, రైతులు కాసుకోనుండారు. సంతకం పెట్టి బస్సెక్కు."

ఉషారాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను కుప్పంలో ఇంజనీరింగు చదివింది మీరు టైపు చేసిందాని కింద సంతకాలు పెట్టేదానికి కాదు సార్" అని పెన్ను బల్ల మీద పడేసింది. పెట్టెకు సరికొత్త సీలు స్టిక్కరు తన చేత్తో గట్టిగా అతికించి, దాన్నీ ల్యాప్‌టాప్‌నూ సంచీలో వేసుకుంది. బయట టీ తాగుతున్న ప్రవీణ్‌తో "కుప్పానికి నువ్వు పో" అని చెప్పి, వాడు నోరు తెరిచేలోపే బస్టాండు దారి పట్టింది.

తంబళ్లపల్లె బస్సులో ఉన్నంతసేపూ ఆమె కోపం కుదురుగా ఒకచోట ఉండలేదు. ముందు జయచంద్ర మీద. తొమ్మిదేళ్ళుగా పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేస్తుంటే, ఇంకా తనను రబ్బరు స్టాంపు అనుకుంటున్నాడు. తర్వాత సిద్ధమ్మ మీద. ఏదో చేసే ఉంటుంది, ఏం చేసిందో చెప్పి చావొచ్చు కదా. చివరికి ఒళ్ళో ఉన్న పెట్టె మీద. బల్ల మీద బుద్ధిమంతురాలిలా ఉండి పొలానికి పోయి కొంపలు ముంచే పెట్టెను ఏమనాలి? ఎదురు సీటులో ముసలాయన ఆమె మొహం చూసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పది గంటలకు పొలం చేరింది. సిద్ధమ్మ బోరు దగ్గరే ఉంది. ఆమె మరిది గంగాధరం తన బోరు నుంచి పైపు లాగి తోటకు గంటో రెండు గంటలో తడి ఇస్తున్నాడు గానీ, రెండెకరాలకు అదెక్కడ సరిపోతుంది? ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. కాయలు పచ్చి మీదే మెత్తబడుతున్నాయి. సిద్ధమ్మ ఆమెను రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఫోటో తీసుకునేదానికి వచ్చినావా మే? ఉండు, కొంగు సర్దుకుంటా" అంది.

ఉషారాణికి ఆ మాట చురుక్కుమని తగిలింది. "మోటారు యాల కాలిందో చూసేదానికి వచ్చినానమ్మా" అంది, కోపం అణుచుకుంటూ.

"కాలినాక సూసేదేముండాది? నువ్వు ఆ పొద్దే సూసేసి, అందరికీ సూపించేస్తివి గదా. సీలు సిద్ధమ్మ అంటాండారు నన్ను. పెద్దమండ్యంలో మా సెల్లెలి మనవరాలికి పేరు పెట్టేదానికి పోతే, ఆడ ఒకడు ఫోను తీసి, 'ఈమే గదా ఆ సీలామె' అనె. అన్నం కాడ నుంచి లేసి వచ్చేస్తి."

ఉషారాణి సంచీలోంచి పెట్టె తీసింది. దాన్ని బోరు పక్కన పాతిన రాతి కూసానికి బిగించింది. కాలిన మోటారు బయటికి తీసి పడేసి ఉంది కాబట్టి దాని బదులు ఒక పెద్ద బల్బు తగిలించింది. బల్బు వెలిగితే మోటారు ఆడుతున్నట్టు, ఆరితే ఆగినట్టు. ల్యాప్‌టాప్‌ను పెట్టె బయటి సాకెట్టుకు వైరుతో కలిపింది. ఇక కరెంటు రావాలి.

"వచ్చిందేమో సూస్తా ఉండు పాపా" అని గంగాధరం తన ఫోను తీసి ఏదో నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "స్విచ్చాఫ్ అంటాది. ఇంగా రాలా."

"ఎవరికి చేసినావప్పా? లైన్‌మెన్‌కా?"

"లైన్‌మెను యాడ ఎత్తుతాడు! మోటారుకు సేసినా."

ఉషారాణి స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏ మోటారుకు?"

"ఇదే, మా వదిన మోటారుకు. ఊర్లో ఈ పెట్టె ఉండేది ఈమెకొక్కదానికే. దీంట్లో బ్యాటరీ లేదు గదా. కరెంటుంటేనే దీని ఫోను మోగుతాది. మోగిందంటే మోటార్లాడే త్రీ ఫేజు కరెంటు వచ్చినట్టు, స్విచ్చాఫ్ అంటే రానట్టు. ఆదివారం నుంచి పెట్టె మీ కాడ ఉండె గదా, ఊరంతా కండ్లు పోయినట్టయింది."

"ఊరంతానా? ఈ నంబరు ఎంతమందికి తెలుసు?"

"ఈ ట్రాన్స్‌ఫార్మర్ కింద పద్నాలుగు బోర్లుండాయి. అందురికాడా ఉండాది. ఆ పక్క ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ళు గూడా కొందురు తీసుకునిరి. మా నంబర్లకు మోటారు ఆడదు గదా, ఊరికే మోగి పోతాది. దానికేం నష్టం?"

తొమ్మిదేళ్ళలో షెడ్డులో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. వాళ్ళు ఎప్పుడు పరీక్షించినా ఒక పెట్టె, ఒక ఫోను, ఒక మిస్డ్ కాల్. ఇక్కడ కరెంటు వచ్చే వేళకు పాతికమంది ఒకేసారి ఒక మోటారుకు ఫోను చేస్తున్నారు. ఉషారాణి కోపం కట్టలు తెంచుకుంది.

"మీకేమన్నా బుద్ధుందా? ఇదేమన్నా కరెంటాఫీసా? మోటారు నంబరు ఊరికంతా పంచిపెట్టేదేంది? ఈ మాట నాకు మొదటి దినమే యాల చెప్పలేదు?"

గంగాధరం బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. సిద్ధమ్మ మాత్రం ముందుకొచ్చింది.

"నువ్వు అడిగితివా? ఆ పొద్దు నన్ను నోరు తెరవనిస్తివా? సరే, అందురూ ఫోను సేస్తిరి. ఫోను మోగితే పాడయ్యే పెట్టెను యాల సేస్తిరి మీరు? మోగేదానికే గదా దాంట్లో ఫోను పెట్టింది!"

ఉషారాణి చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది. తనకే వినపడీ వినపడకుండా, "నిజమే" అంది.

పదిన్నరకు కరెంటు వచ్చింది. అప్పటికి గంగాధరం చెప్పినందువల్ల చుట్టుపక్కల పొలాల వాళ్ళు ఏడెనిమిది మంది గట్టు మీద చేరారు. మిగతావాళ్ళు ఎవరి పొలాల్లో వాళ్ళుండి ఎప్పటిలాగే ఫోన్లు నొక్కుతున్నారు. ల్యాప్‌టాప్ తెర మీద, ఒక్కో కాల్‌కు పెట్టెలోని ఫోను లోపలికి పంపే అక్షరాలు వరుసగా కనబడుతున్నాయి. ఒక కాల్, అది కట్ అయింది. ఇంకో కాల్, అదీ కట్ అయింది. వాటి మధ్య సిద్ధమ్మ పక్కనే నిలబడి ఇచ్చిన మిస్డ్ కాల్ అందింది. స్టార్టరు ధడాలున పడింది, బల్బు వెలిగింది. సరిగ్గా ఆ ధడేలుతో పాటే ఇంకెవరిదో కాల్ వచ్చింది. తెర మీద రెండు అక్షరాలు సరిగ్గా పడి, మూడోది పిచ్చి గీతలా పడి, అక్కడితో ఆగిపోయింది.

ఉషారాణి నీళ్ళు తగ్గాయని చెప్పే వైరు లాగేసింది. బల్బు ఆరాలి. ఆరలేదు. ఒక నిమిషం చూసింది. మళ్ళీ వైరు పెట్టి లాగింది. బల్బు వెలుగుతూనే ఉంది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. షెడ్డులో నలభై సార్లు ఆపిన పెట్టె ఇక్కడ చెట్టంత మనిషి ఎదురుగా నిలబడి వైరు పీకుతున్నా ఉలకదు, పలకదు. కరెంటు వచ్చిందని తెలిసిపోయింది కాబట్టి ఊళ్ళో వాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి తమ పనుల్లో పడ్డారు. ఇరవై నిమిషాలు గడిచాయి. మోటారే ఉండుంటే ఈపాటికి పొగ వచ్చేది.

అప్పుడు ఆలస్యంగా ఎవరో ఒక కాల్ చేశారు. పై పొలం నాగరత్నమ్మ అయ్యుంటుందని, ఆమె ఎప్పుడూ అందరికంటే వెనకేనని గట్టు మీద ఎవరో అన్నారు. ఆ కాల్ మోగిన మరుక్షణం టప్పుమని బల్బు ఆరిపోయింది.

"అద్దో!" అని సిద్ధమ్మ గట్టిగా అరిచింది. "ఆ పొద్దు గూడా ఇంతే! నేను పరిగెత్తుకోని వచ్చేలోపల అదే ఆగిపోయిండె. వాసన మాత్రం ఉండె. నీకు సెప్పలా నేను? పెట్టె ఆపింది గానీ ఆలస్యంగా ఆపింది అని సెప్తే, 'ఆపితే మోటారు ఎట్ల కాలుతుందమ్మా' అని నవ్వితివి నువ్వు!"

చెప్పింది. ఉషారాణికి బాగా గుర్తుంది. ఆ మాటే అబద్ధానికి రుజువని జయచంద్రకు చెప్పి నవ్వుకుంది కూడా. ఆమె ఇప్పుడు తల ఎత్తలేదు. నేల మీదే చతికిలబడి, ల్యాప్‌టాప్‌లో పెట్టె ప్రోగ్రాము తెరిచింది.

పెట్టెలో పనంతా చేసేది మైక్రోకంట్రోలరు అనే వేలిగోరంత చిప్పు. దానికి ఒకసారికి ఒక పనే చేతనవును. ఏదైనా అర్జెంటు కబురు వస్తే చేతిలోది పక్కన పెట్టి దాన్ని అందుకుంటుంది. దాన్నే ఇంటరప్ట్ అంటారు. ఇక్కడ కబుర్లు రెండు వైపుల నుంచి వస్తాయి. సీరియల్ వైరు మీద పెట్టెలోని ఫోను ఒక్కొక్కటిగా పంపే అక్షరాలు ఒకటి, నీళ్ళు తగ్గాయనే సంకేతం రెండోది. ఒకదాన్ని అందుకుంటూ ఉంటే రెండోది ఆగాలి. అందుకే ఎంత అర్జెంటైనా క్షణంలో అందుకుని క్షణంలో వదిలెయ్యాలి, అందులోనే కూర్చోకూడదు. ఈ పని నేర్చుకునే వాళ్ళకు మొదటి వారంలో చెప్పే సంగతి అది.

ఈ ప్రోగ్రాములో మాత్రం, ఫోను నుంచి మొదటి అక్షరం రాగానే చిప్పు దాన్ని పట్టుకుని, లైను ముగిసిందనే గుర్తు వచ్చేదాకా అక్కడే కూర్చుంటోంది. ఫోన్లో అవతలి మనిషి 'ఉంటా' అనేదాకా ఫోను చెవి నుంచి తీయని మనిషి లాగా. స్టార్టరు పడినప్పుడు పుట్టిన మెరుపుకు ఒక అక్షరం చెడి, దాని వెనక రావలసినవీ, ఆ 'ఉంటా' అనే గుర్తూ పోయాయి. ఇక చిప్పుకు లోకంతో పని లేదు. వెనక నీళ్ళ వైరు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినదు. ఇంకెవరో ఫోను చేసి, కొత్త లైను వచ్చి, దాని చివర ఆ గుర్తు అందితే తప్ప లేవదు. అప్పుడు లేచి, ఏమీ ఎరగనట్టు మోటారు ఆపుతుంది. తర్వాత ఎవరు వచ్చి చూసినా పెట్టె నిక్షేపంగా ఉంటుంది.

ఉషారాణి రక్తం సలసల కాగింది. ఏ దద్దమ్మ రాశాడిది? ఇంటరప్ట్‌లో కూర్చుని ఎదురుచూడమని రాసేవాడిని ఇంజనీరని ఎవడన్నాడు? జయచంద్రే అయ్యుంటాడు, ఈ ప్రోగ్రాము మొదట రాసింది ఆయనే కదా, ఈ పొద్దు ఆయన సంగతి తేల్చాలి అనుకుంటూ పైకి జరిపి చూసింది. ఆ లైను పక్కనే చిన్న గమనిక ఉంది. 'లైను పూర్తిగా వచ్చేదాకా కదలొద్దు. కలకడ ఫిర్యాదు సరిచేశాను. ఉ.రా.' అని, మూడేళ్ళ కిందటి తేదీ.

ఉ.రా. అంటే ఉషారాణి.

కలకడలో రైతుల మెసేజులు సగం సగం అందుతున్నాయని అప్పట్లో ఫిర్యాదు వచ్చింది. ఒక్క పూటలో తనే దాన్ని సరిచేసింది. మెసేజులు పూర్తిగా రావడం మొదలయ్యాయి. జయచంద్ర అందరినీ పిలిచి చప్పట్లు కొట్టించాడు. ఫిర్యాదుల కాగితాల మీద సంతకం పెట్టే అధికారం ఆమెకు ఆ రోజే వచ్చింది. ఆ రోజు నుంచి బయటికి వెళ్ళిన ప్రతి పెట్టెలోనూ ఆ లైను ఉంది. పొద్దుటి నుంచి ఎవరెవరి మీదో పరుగులు పెట్టిన కోపం వెనక్కి తిరిగి తన మీదే పడింది. తల కూసానికేసి కొట్టుకోవాలనిపించింది ఆమెకు.

సంచీలో ఫోను మోగింది. జయచంద్ర.

"కుప్పం పోకుండా యాడ తిరగతాండావు?" అని మొదలుపెట్టాడు. ఆమె పక్కకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. తన లైను గురించీ చెప్పింది. అంతా విన్నాక ఆయన గొంతు చల్లబడింది.

"సరే ఇను. ఆమెకు మోటారు పంపిస్తా. రేపే. నువ్వు నోరు మూసుకోని పెట్టె మార్చి వచ్చెయ్. పెట్టెలో ఏదో పార్టు పోయిందని చెప్పు, చాలు. ఈ మాట బయటికొస్తే మూడొందల మంది షెడ్డు ముందు కూసుంటారు. మిగతా పెట్టెలు ఫిర్యాదు వచ్చినప్పుడు ఒక్కోటి సైలెంటుగా మార్చుకుందాం."

"ఫిర్యాదు వచ్చిందంటే ఆడ మోటారు కాలినట్టే గదా సార్."

"నీ తప్పే గదా ఉషా అది? నీ పేరే పోతాది. నీ మంచికే సెప్తాండా."

ఫోను పెట్టేసి ఆమె తిరిగొచ్చింది. గట్టు మీద వాళ్ళంతా ఆమె మొహమే చూస్తున్నారు. నాలుగు మాటలతో అయిపోయేది. తోట బతుకుతుంది, మోటారు వస్తుంది, ఎవరికీ ఏమీ తెలీదు. "అమ్మా, రేపు నీకు కొత్త మోటారు వస్తుంది. పెట్టెలో ఒక పార్టు..." అని మొదలుపెట్టింది.

"మోటారు సంగతి తర్వాత" అని సిద్ధమ్మ మాట మధ్యలోనే ఆపేసింది. "దీంట్లో నా తప్పు ఉండాదా, లేదా? అది సెప్పు ముందు."

ఉషారాణి పెట్టె వైపు చూసింది. పొద్దున షెడ్డులో ఫ్యాను కింద తన చేత్తో గట్టిగా అతికించిన సీలు స్టిక్కరు, గంటన్నర ఎండకే మూలలు లేచి, సగం ఊడి వేలాడుతోంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తన కళ్ళ ముందే ఊడింది. సిద్ధమ్మ కూడా అటే చూసింది.

"లేదమ్మా" అంది ఉషారాణి. "నీ తప్పు గోరంత కూడా లేదు. పార్టూ పోలేదు, గీర్టూ పోలేదు. ప్రోగ్రాములో తప్పుంది. అది రాసింది నేనే. నీ రెండు మోటార్లూ కాల్చింది నేనే."

అప్పటిదాకా వెటకారంతో నెట్టుకొచ్చిన సిద్ధమ్మ ఇప్పుడు ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వే తప్పు సేసి, నువ్వే వచ్చి, నువ్వే నన్ను అబద్దాలకోరు అంటివా? మా అమ్మ వయసు ఉండాదే ఈమెకు అని గూడా సూడకపోతివే! మోటారు కాలితే తెచ్చుకుంటా. తోట పోతే ఇంగో కారుకు పంట ఏసుకుంటా. రెండు నెలలుగా నలుగుర్లో తలెత్తుకోలేక సస్తాండానే, దాన్ని యాడ నుంచి తెస్తావు మే నువ్వు?"

"తప్పయిపోయిందమ్మా. కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళతో ఏం పని? నా కాళ్ళు ఎవురూ ఫోన్లలో సూడలేదు. ఆ ఫోటో పెట్టింది యాడ?"

"గ్రూపులో."

"అయితే ఆడనే సెప్పు."

ఉషారాణి ఫోను చేతిలోకి తీసుకుంది. జయచంద్ర మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. నీ పేరే పోతాది. పోనీ. ఈమె పేరు పోయినప్పుడు తనకు చీమ కుట్టినట్టైనా లేదు. గ్రూపు తెరిచి, పైకి జరిపి, ఎర్ర సున్న చుట్టిన ఆ ఫోటో పట్టుకుంది. దాని కిందనే జవాబుగా వాయిస్ మెసేజ్ బటను నొక్కింది.

"నా పేరు ఉషారాణి. ఈ ఫోటో పెట్టింది నేను. సిద్ధమ్మ గారు సీలు తీయలేదు. మా స్టిక్కరు ఎండకు ఊడిపోతుంది, ఇప్పుడే నా కళ్ళారా చూసినాను. ఆమె మోటార్లు కాలింది మా పెట్టె సరైన టైముకు ఆపనందువల్ల. ఆ తప్పు ప్రోగ్రాములో రాసింది కూడా నేనే. మీ అందరి పెట్టెల్లోనూ అదే ప్రోగ్రాము ఉంది. పెట్టె మార్చేదాకా మోటారు ఆడినంతసేపూ ఒక మనిషి పక్కనే ఉండండి. ఆ నంబరుకు వేరేవాళ్ళు ఫోను చేసినా తప్పు కాదు, అది తట్టుకోలేని పెట్టె చెయ్యడం మా తప్పు. సిద్ధమ్మ గారిని నేను అబద్ధం చెప్తున్నావని అన్నాను. ఆమె చెప్పిందంతా నిజం. అబద్ధం నాది."

వేలు తీసింది. మెసేజ్ వెళ్ళిపోయింది. పెట్టె కొందామని ముందే గ్రూపులో చేరినవాళ్ళవి, గట్టు మీద ఒకదాని వెనక ఒకటి నాలుగు ఫోన్లు టింగుమన్నాయి. రెండు నిమిషాల్లోనే జయచంద్ర ఫోను వచ్చింది. ఉషారాణి ఎత్తి దూరంగా పెట్టుకున్నా ఆయన అరుపు అందరికీ వినబడింది. గ్రూపు తనదే కాబట్టి మెసేజు తీసేశానని, ఆమె రేపటి నుంచి షెడ్డు గడప తొక్కొద్దని ఆయన అన్నాడు.

"తీసేస్తే ఏం సార్, అప్పటికే ఎంతమంది విన్నారో. రేపు రావొద్దంటే ఎట్లా? మోటారు మీరు వ్యాన్లో ఎక్కించాలి గదా, ఎక్కించుకునేదానికి నేనే వస్తాండా. మోటారు లేదంటే మూడొందల మందితో కలిసి వస్తా" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆయన తీసేసేలోపే గంగాధరం ఆ మెసేజును ఇంటి వాళ్ళకు పంపేశాడు, అది అతని ఫోనులో నిలిచింది. సిద్ధమ్మ అతని చేతిలోంచి ఫోను లాక్కుని చెవికి ఆనించుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విన్నది. 'అబద్ధం నాది' అన్నచోట కళ్ళు మూసుకుంది. తర్వాత ఫోను మరిదికిచ్చి "పెద్దమండ్యానికి పంపించు. సీలు సిద్ధమ్మని నాకు పేరు పెట్టినోళ్ళందరికీ పంపించు" అంది.

ఉషారాణి సంచీ సర్దుకుని లేచింది. "వెళ్ళొస్తానమ్మా" అంది, ఆమె మొహంలోకి చూడలేక.

"ఉండు" అంది సిద్ధమ్మ. కోపం ఇంకా ఆమె గొంతులోంచి పోలేదు, అంత తొందరగా పోదు కూడా. "మోటారు నువ్వే తీసుకురా. పెట్టె నువ్వే బిగించు. కరెంటు వచ్చినాక ఊరంతా ఫోన్లు సేస్తాం, ఇంగా ఎక్కువే సేస్తాం. నీళ్ళు తగ్గి అది నీ కండ్ల ముందర ఆగేదాకా ఈ ఎండలో, ఈడనే, నా పక్కన కూసో."